తొట్టిలో చేప, పొరుగింట్లో జ్వరం

ఇంటి తొట్టిలో దోమల నివారణ కోసం చేపలు వదిలితే ఆ నీరు పాక్‌గా ఉంటుందా? ఆ నీటితో వుజూ, గుస్ల్ చెల్లుతాయా? ఒక ప్రాణిని చంపించడానికి మరో ప్రాణిని తెచ్చి పెట్టుకోవడం ధర్మసమ్మతమేనా? వానాకాలం మొదలైందంటే చాలు, ఇలాంటి ప్రశ్నలు మా దగ్గరకు వస్తుంటాయి. ఎక్కువగా అడిగేది నమాజుకు క్రమం తప్పకుండా వచ్చే పెద్దలు, ఇంటి నీళ్లకు బాధ్యత వహించే తల్లులు. అడగడం మంచిదే. తెలియనిది అడిగి తెలుసుకోమన్నది దివ్య ఖుర్ఆన్ బోధనే. అయితే ఈ ప్రశ్నల వెనుక మరో ప్రశ్న దాగి ఉంది. దాన్ని ఎవరూ అడగడం లేదు. ముందు అడిగినదానికి సమాధానం చెప్పుకుని, ఆ తర్వాత అడగనిదాని దగ్గరకు వెళదాం.

విషయం అర్థం కావాలంటే తనకల్లు లాంటి చోట నీళ్లు ఎలా వస్తాయో గుర్తు చేసుకోవాలి. మొన్నటిదాకా అనంతపురం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మండలం కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడితేనే. పాపాఘ్ని పేరుకు నదే గాని ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. బోర్లు ఎండిపోతే పంచాయతీ కుళాయి, అదీ రాకపోతే ట్యాంకరు. కుళాయి రోజూ రాని ఊళ్లో నీళ్లు వచ్చిన రోజున సిమెంటు తొట్టి, డ్రమ్ములు, బిందెలు, మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు, అన్నీ నింపుకుని మళ్లీ వచ్చేదాకా కాపాడుకోవాలి. నీటి కరువున్న చోట దోమ ఉండదని పైవాళ్లు అనుకుంటారు. నిజానికి నీళ్లు రోజూ వచ్చే ఊళ్లో ఎవరూ నిల్వ పెట్టుకోరు. నిల్వ పెట్టుకోక తప్పని కరువు ఊళ్లోనే ప్రతి ఇంటా డెంగీ దోమకు ఉయ్యాల దొరుకుతుంది.

పంచాయతీ ట్యాంకులో క్లోరిన్ కలిపిన నీళ్లే కదా, శుద్ధి చేసినవే కదా అని కొందరంటారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. ఆ పాటి క్లోరిన్ కలరా, విరేచనాల క్రిములను అదుపు చేయడానికి పనికొస్తుంది గాని దోమ పిల్లను చంపదు. పైగా తెరిచి ఉంచిన తొట్టిలో అది ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. డెంగీ, చికున్ గున్యా మోసే ఈడిస్ దోమకు మురికి కాలువ అవసరం లేదు. దానికి కావలసింది తేటగా, కదలకుండా ఉన్న మంచినీరే. గుడ్డు పెట్టిన దగ్గర నుంచి రెక్కలు వచ్చి ఎగిరేదాకా ఇంచుమించు వారం, పది రోజులు. గుడ్లు నీటిలో కూడా పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అంటించి పోతుంది. తొట్టి ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే ఉత్తినే నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలి.

ఈ కారణంతోనే ఆరోగ్యశాఖ వారు శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమంటారు. వారానికి ఒకసారి తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపుకోమని ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెబుతారు. జుమా రోజు స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకునే మనకు ఆ రోజే ఇంటి తొట్టి కడుక్కోవడం పెద్ద కష్టం కాకూడదు. కాని ఇక్కడే ఇంటి పెద్దామెకు కోపం వస్తుంది. “ఏం బిడ్డా, నాలుగు దినాలకొకసారి వస్తాయి నీళ్లు. వాటిని పారబోయమంటావా?” అని అడుగుతుంది. “ఇంట్లో పసిబిడ్డ ఉంది గదమ్మా” అని ఆశా అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట తప్పు? ఇద్దరిదీ కాదు. నీటిని వృథా చేయడం ఇస్రాఫ్. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే రెండు దోసిళ్లు నిండేపాటి నీటితో వుజూ ముగించేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పారే నది ఒడ్డున కూర్చున్నా నీరు దుబారా చేయరాదన్న ఉల్లేఖనం ఇబ్నె మాజాలో ఉంది. దాని పరంపర బలహీనమైనా దాని భావాన్ని ఉలమాలు అంగీకరించారు. మరో వైపు, ఇతరులకు హాని చేయకూడదు, హానికి బదులుగా హాని చేయకూడదన్న ప్రవక్త (సఅసం) ఆదేశం ఉంది. షరీఅత్‌లోని ఎన్నో నియమాలు దాని మీదే నిలబడి ఉన్నాయి. నీటిని కాపాడుకోవాలి, దోమనూ ఆపాలి. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న ఇంటికి చిన్న చేప ఒక దారి చూపిస్తుంది. నీళ్లు పారబోయనక్కర లేకుండా దోమ పిల్లలను అది తినేస్తుంది.

ఇప్పుడు ఫిఖ్‌హ్ ప్రశ్న చూద్దాం. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సఅసం) దాని నీరు పరిశుద్ధమనీ, అందులో చచ్చినది ధర్మసమ్మతమనీ తెలియజేశారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముఅత్తా, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. అడిగింది నీటి గురించే అయినా ఆయన చేప సంగతి కూడా కలిపి చెప్పారు. హనఫీ మజ్హబ్‌లో ప్రామాణికమైన హిదాయా గ్రంథంలో అల్లామా మర్గీనానీ (రహ్మలై) దీన్ని ఇంకా విప్పి చెప్పారు. నీటిలో పుట్టి నీటిలో బతికే చేప, కప్ప, ఎండ్రకాయ వంటివి నీటిలో చచ్చినా నీరు పాడు కాదు. ప్రవహించే రక్తం లేని దోమ, ఈగ, కందిరీగ, తేలు వంటివి చచ్చినా పాడు కాదు. ఈ రెండు వాక్యాల్లో మన తొట్టి సంగతి పూర్తిగా వచ్చేసింది. తినేది మొదటి జాబితాలో ఉంది, తినబడేది రెండో జాబితాలో ఉంది. కాబట్టి చేపలున్న తొట్టి నీటితో, హౌజు నీటితో వుజూ, గుస్ల్ చెల్లుతాయి. చేప చచ్చి తేలితే దాన్ని తీసి పారేయాలి. అలా తనంతట తాను చచ్చి తేలిన చేపను తినడం హనఫీల దగ్గర సరికాదు గాని, దానివల్ల నీరు మాత్రం నాపాక్ కాదు. చేప చచ్చి కుళ్లి, నీరు రంగు మారి, వాసన కొట్టే దాకా వదిలేయడం వేరే సంగతి. అది శుభ్రత ఎరిగిన వాళ్లు చేసే పని కాదు.

మరి తాగవచ్చా? ఫిఖ్‌హ్ ప్రకారం అభ్యంతరం లేదు. కాని అనుమతి ఉన్నదంతా చేసి తీరాలని ఏమీ లేదు. చేప తిరిగే నీళ్లలో దాని మలం కలుస్తుంది. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో తాగే నీళ్ల బిందెలో చేపను వేయడం మాకు సమ్మతం కాదు. అక్కడ చేయవలసిన పని వేరే ఉంది, అది పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే చెప్పేశారు. పాత్రలను మూసి పెట్టండి, నీటి తిత్తుల మూతి కట్టండి అని ప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖన సహీహ్ ముస్లింలో ఉంది. ఏడాదిలో ఒక రాత్రి వబా (మహమ్మారి) దిగుతుందనీ, మూత లేని పాత్ర మీదుగా వెళితే అందులో పడకుండా పోదనీ అందులో కారణం కూడా చెప్పారు. ఆ హదీసు చివర ఈజిప్టు విద్వాంసుడు ఇమామ్ లైస్ బిన్ సఅద్ (రహ్మలై) మాట ఒకటి ఉంది. తమ ప్రాంతపు అరబేతరులు ఆ భయాన్ని డిసెంబరు నెలలో పాటిస్తారని ఆయన చెప్పారు. గమనించండి. మహమ్మారి ఏ నెలలో వస్తుందో ఆ నేల మీద బతికిన వాళ్ల అనుభవాన్ని అడిగి తెలుసుకోవడానికి ఒక ఇమామ్ వెనుకాడలేదు, హదీసు పక్కనే దాన్ని చెప్పారు. ఆశా కార్యకర్త మాటను తేలిగ్గా తీసేసే మనవాళ్లకు ఇది తెలియాలి.

కాబట్టి తాగే నీళ్లకు బిగుతైన మూత లేదా గుడ్డ కట్టడం. మూత పెట్టడానికి వీల్లేని వాడకపు నీళ్ల తొట్టి, పశువుల తొట్టి, మస్జిద్ హౌజు, ఇల్లు కట్టేటప్పుడు తవ్విన నీళ్ల గుంట, వీటికి చేప. ఇది మా అభిప్రాయం.

ఒక ప్రాణి చేత మరో ప్రాణిని చంపించడం గురించి అడిగేవారు తక్కువే గాని, అడిగేవారి మనసు మెత్తనిది. ఒక చీమ కుట్టిందని చీమల పుట్టనే కాల్చించిన పూర్వ ప్రవక్తను అల్లాహ్ మందలించిన వృత్తాంతం బుఖారీ, ముస్లింలలో ఉంది. కుట్టింది ఒక్కటే కదా, తనను స్తుతించే ఒక సమూహాన్నే నాశనం చేయడమేమిటన్నది ఆ మందలింపు సారం. దోమ కూడా అల్లాహ్ సృష్టే. అల్ బఖరా సూరాలో, 26వ ఆయతులో, అల్లాహ్ దోమను దృష్టాంతంగా చెప్పడానికి సంకోచించడని ఉంది. కాని అదే షరీఅత్ హాని చేసే తేలు, ఎలుక, కరిచే కుక్క లాంటి వాటిని చంపడానికి అనుమతించింది. వేట నేర్పిన జంతువులతో వేటాడటాన్ని మాయిదా సూరా ధర్మసమ్మతం చేసింది. చేప దోమ పిల్లను తినడం దానికి అల్లాహ్ ఇచ్చిన స్వభావమే, మనం దానికి నేర్పిందేమీ లేదు. ఇంటినిండా పొగ పెట్టి, మందు చల్లి కనిపించిన పురుగునల్లా చంపడం కంటే, తొట్టిలో పుట్టిన హానిని తొట్టిలోనే ఆపే ఈ పద్ధతి చీమల పుట్ట వృత్తాంతంలోని హితబోధకు దగ్గరగా ఉందని మాకు అనిపిస్తుంది.

ఇది గాలిలో లెక్క కాదు. తనకల్లుకు అటువైపు, కర్ణాటకలోని కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో ఉన్నాయి. ఆ జిల్లాలోని కామసముద్రం ప్రాంతంలో బావుల్లో పుట్టే దోమల వల్ల మలేరియా ఎక్కువగా ఉండేది. మలేరియా పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి బావుల్లో గప్పీ చేపలను వదిలారు. బావుల్లో దోమ పిల్లలు తగ్గాయి, ఊళ్లలో మలేరియా బాగా తగ్గింది. ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. గంబూజియా చేప మన దేశానికి వచ్చి దాదాపు నూరేళ్లు. 1928లో ఇటలీ నుంచి తెచ్చారు, పుట్టిల్లు మాత్రం అమెరికా. బాగా పెరిగిన చేప రోజుకు నూరు దాకా దోమ పిల్లలను తినగలదు. గప్పీ దానికంటే చిన్నది, మురికిని కూడా తట్టుకుంటుంది. రెండూ గుడ్లు పెట్టవు, ఈదే పిల్లలనే కంటాయి. అందుకే తొట్టిలో అయిదారు వేస్తే మళ్లీ మళ్లీ తేవలసిన పని ఉండదు. ఒక జాగ్రత్త ఉంది. కుళాయి నుంచి అప్పుడే వచ్చిన క్లోరిన్ నీటిలో, బ్లీచింగ్ పౌడర్ వేసిన నీటిలో చేపలను వదిలితే చచ్చిపోతాయి. నీళ్లు ఒక రోజు తెరిచి ఉంచి, ఆ తర్వాతే వదలాలి. తొట్టి నింపేటప్పుడు కూడా పాత నీళ్లు కొన్ని మిగిల్చి, వాటి మీద కొత్త నీళ్లు పట్టాలి.

ఒక చోట మందైనది మరో చోట కూడా మందే అవుతుందని అనుకోకూడదు. వియత్నాంలో చేప కంటే ఎంతో చిన్న ప్రాణిని వాడారు. కంటికి ఆవగింజలో సగం కూడా కనిపించని మీసోసైక్లాప్స్ అనే నీటి పురుగు. అది అప్పుడే పుట్టిన దోమ పిల్లలను పట్టి తింటుంది. ఊరి వాళ్లే, అందులోనూ స్త్రీలు, బడిపిల్లలు, ఆ పురుగులను తొట్లలో, బావుల్లో వదిలి, దోమలు పుట్టే పాత సామాను ఏరివేశారు. 37 కమ్యూన్లలో 32 చోట్ల ఈడిస్ దోమ పూర్తిగా లేకుండా పోయిందని 2005లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఎంత చక్కని సంగతి! కాని మన రాయలసీమ పెద్దలకు సైక్లాప్స్ పేరు చెబితే గుర్తొచ్చేది నారికురుపు. దిగుడు బావుల్లో దిగి నీళ్లు ముంచుకు తాగిన కాలంలో, ఆ జాతి పురుగు కడుపులోకి పోతే ఏడాదికి కాలి నుంచి మూరెడు నారి పురుగు బయటకు వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుల తరబడి మంచం పట్టేవారు. ఆ పురుగులను చంపడానికి 1980ల్లో ప్రభుత్వం బావుల్లో మందు వేసింది, నీళ్లు గుడ్డతో వడగట్టి తాగమని ఊరూరా చెప్పింది. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనిపించింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఒక దేశంలో పిల్లలను కాపాడిన ప్రాణే మరో దేశంలో పిల్లలను మంచాన వేసింది. సృష్టిలో దేన్నీ అల్లాహ్ వ్యర్థంగా పుట్టించలేదు, నిజమే. కాని దేన్ని ఎక్కడ వాడాలో తెలుసుకునే శ్రమను మనకు వదిలిపెట్టాడు.

ఈ నీటి పురుగుల సంగతి మత పెద్దల దాకా రావడం కొత్తేమీ కాదు. 2004లో న్యూయార్క్ నగరం కుళాయి నీళ్లలో ఇలాంటివే కనిపిస్తే, ఆ నీళ్లు తాగడం తమ ధర్మశాస్త్రం ప్రకారం సమ్మతమా అని అక్కడి యూదు పండితులు పెద్ద చర్చే చేశారు. చాలా ఇళ్లలో కుళాయిలకు వడపోత యంత్రాలు బిగించుకున్నారు. మన ఫుఖహా ఈ ఇబ్బందిని ముందే తేలిక చేసి పెట్టారు, అల్‌హందులిల్లాహ్.

ఇక అడగని ప్రశ్న. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దగ్గరకు ఇరాక్ వాసి ఒకడు వచ్చి, దోమ రక్తం గురించి అడిగాడు. ఎక్కడి వాడివని ఆయన అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత పక్కనున్న వాళ్లతో, ఇతను దోమ రక్తం గురించి అడుగుతున్నాడు, వీళ్లే ప్రవక్త (సఅసం) కుమార్తె కన్న బిడ్డను చంపారు అన్న భావంతో బాధగా మాట్లాడారు. హజ్రత్ హుసైన్ (రజి) వీరమరణం గురించి ఆ మాట. ఈ ఉల్లేఖన బుఖారీలో ఉంది. మేము ఎవరినీ ఆ ఇరాక్ వాసితో పోల్చడం లేదు. కాని ఆ ప్రశ్నలోని జబ్బు అన్ని కాలాల్లోనూ ఉంటుంది. చేప మలంతో వుజూ చెల్లుతుందా అని సూక్ష్మంగా అడిగేవాళ్లం, మా తొట్టిలో పుట్టిన దోమ పక్కింటి పిల్లను కుడితే ఆ పాపం ఎవరిది అని మాత్రం అడగడం లేదు.

ఈడిస్ దోమ దూరం ఎగరదు. సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు. అంటే మన పిల్లను కుట్టిన దోమ మన ఇంట్లోనో, పొరుగింట్లోనో పుట్టిందే. పొరుగు ఎంతవరకు అని అడిగితే ముందు నలభై ఇళ్లు, వెనుక నలభై, కుడివైపు నలభై, ఎడమవైపు నలభై అని ఇమామ్ హసన్ బస్రీ (రహ్మలై) చెప్పినట్లు ఇమామ్ బుఖారీ అల్ అదబుల్ ముఫ్రద్‌లో నమోదు చేశారు. దోమ తిరిగే మేర, పొరుగు హక్కు వర్తించే మేర ఇంచుమించు ఒకటే కావడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇల్లు నాది, తొట్టి నాది, దోమ మాత్రం నాది కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఈ వాదాన్ని తీసిపారేయకూడదు. ఫిఖ్‌హ్‌లో దీనికి ఆధారం ఉంది. తన సొంత స్థలంలో బావి తవ్వుకున్నవాడు అందులో ఎవరైనా పడితే పరిహారం ఇవ్వనక్కర లేదు, బాటలో తవ్వినవాడే బాధ్యుడు. నోరు లేని జంతువు తనంతట తాను చేసిన గాయానికి పరిహారం లేదన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. కాబట్టి పొరుగింటి బిడ్డ డెంగీతో పోతే, ఈ తొట్టి యజమాని నుంచి దియత్ వసూలు చేయాలని ఏ ఖాజీ తీర్పు చెప్పడు. ఏ దోమ కుట్టిందో ఎవరు సాక్ష్యం చెబుతారు?

కాని ఫుఖహా అక్కడే ఆగిపోలేదు. హిదాయాలోనే ఒరిగిన గోడ గురించి ఒక అధ్యాయం ఉంది. ఒకని గోడ బాట వైపు ఒరిగింది. అది తనంతట తానే ఒరిగింది, అతడు ఒరగజేయలేదు. ఎవరూ చెప్పకముందే కూలి ఎవరైనా పోతే అతని మీద బాధ్యత లేదు. కాని నీ గోడ ఒరిగింది, పడగొట్టు అని బాటలో నడిచేవాళ్లలో ఒకరు హెచ్చరించారు. పడగొట్టేంత వ్యవధి, శక్తి ఉండీ అతడు పడగొట్టలేదు. ఆ తర్వాత కూలితే, అది నాశనం చేసినదానికి అతడే బాధ్యుడు. పొరుగింటి వైపు ఒరిగితే అలా హెచ్చరించే హక్కు ఆ పొరుగువాడిది. గోడ అతడిదే, నేల అతడిదే. మారిందల్లా ఒకటే, ఇప్పుడు అతనికి తెలుసు.

దోమ ఇల్లు దాటి రోగం మోస్తుందని మన తాతలకు తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుదలను చూసేదాకా మలేరియా విషయంలో ప్రపంచంలో ఎవరికీ రుజువుతో తెలియదు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టించుకున్నందుకు ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జ్ఞానం మన నేల మీద, మన సోదరుడొకడి రక్తంతో వచ్చింది. ఇప్పుడు ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి, తొట్టిలో గెంతులేస్తున్న పురుగులను గరిటెతో తీసి చూపించి, ఇవి దోమ పిల్లలమ్మా అని చెప్పి వెళ్లింది. గోడ ఒరిగిందన్న హెచ్చరిక అందినట్టే. ఇకమీదట కూడా తొట్టిని అలాగే వదిలేసినవాడు, ఖాజీ ముందు కాకపోయినా, ప్రళయదినాన పొరుగువాడి హక్కు విచారణలో ఏం జవాబు చెబుతాడో ఆలోచించుకోవాలి. దీన్ని ఫత్వాగా చెప్పడం లేదు. ఒరిగిన గోడ అధ్యాయం చదివినప్పుడల్లా మాకు తోచే మాట ఇది.

తఖ్దీర్‌లో ఉంటే జ్వరం రాక మానదు, చేపలేం చేస్తాయి అనే మాట కూడా వింటుంటాం. సిరియాలో అమ్వాస్ ప్లేగు ప్రబలినప్పుడు ఆ ప్రాంతంలోకి వెళ్లకుండా వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి)ను హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇదే అడిగారు, అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని. ఒక తఖ్దీర్ నుంచి మరో తఖ్దీర్ వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చి, ఒక ఉదాహరణ చెప్పారు. లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే, ఒంటెలను ఎక్కడ మేపినా అల్లాహ్ తఖ్దీర్ ప్రకారమే కదా అన్నారు. బీడు నేల అంటే ఏమిటో, దాన్ని వదిలి పచ్చిక ఉన్న పక్కకు మందను తోలుకుపోవడమంటే ఏమిటో తనకల్లు గొర్రెల కాపరికి మనం వివరించి చెప్పనక్కర లేదు.

చేపను పెట్టుకున్న తర్వాత దానికీ కొన్ని హక్కులు ఏర్పడతాయి. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, పురుగో పుట్రో ఏరుకుని తినడానికైనా వదలక చంపిన స్త్రీకి పడిన శిక్ష మనకు తెలిసిందే. చిన్న పిల్లవాడు అబూ ఉమైర్ పిట్టను పెంచుకుంటే ప్రవక్త (సఅసం) వారించలేదు, ఆ పిట్ట గురించి అతన్ని ప్రేమగా పలకరించారు. పెంచుకోవడానికి అనుమతి ఉంది, ఆకలితో మాడ్చడానికి లేదు. తొట్టిలో దోమ పిల్లలు అయిపోతే గప్పీలకు చిటికెడు పిండో, మెతుకు పొడో వేయాలి. అబేట్ మందు వేసిన తొట్టిలో చేపలను వదలడం కూడా తెలివైన పని కాదు. మందు దోమ పిల్లలను చంపేశాక చేపకు అక్కడ తినడానికి ఏముంటుంది?

మరో సంగతి ఇంతకంటే పెద్దది. చేపలు బాగా పెరిగాయని, ఎక్కువైనవాటిని చెరువులోనో, ఏటి మడుగులోనో వదిలిపెడితే పుణ్యమనుకుంటారు. అది పుణ్యం కాదు. గంబూజియా పరదేశపు చేప. మన చెరువుల్లోని చిన్న చేపల గుడ్లను, పిల్లలను, కప్ప పిల్లలను కూడా తినేస్తుంది. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గంబూజియా, గప్పీ రెంటినీ హానికరమైన పరదేశీ జాతుల్లో చేర్చింది. ప్రభుత్వ శాఖలే ఒకప్పుడు వీటిని చెరువుల్లో లెక్క లేకుండా వదిలాయి, ఇప్పుడు దాని మీద వివాదం నడుస్తోంది. మందు కోసం కప్పను చంపవచ్చా అని వైద్యుడు అడిగితే ప్రవక్త (సఅసం) వారించినట్లు అబూ దావూద్‌లో హదీసు ఉంది. కప్ప మనకు అడగకుండానే దోమలను తినిపెట్టే ప్రాణి. తూనీగ పిల్లలు నీటిలో ఉన్నంత కాలం దోమ పిల్లలను కూడా తింటాయి. అల్లాహ్ ముందే పెట్టిన కాపలాదారులను కొత్త కాపలాదారు చేత చంపించడం భూమిపై ఫసాద్ అవుతుందే గాని సంస్కరణ కాదు. తొట్టి చేప తొట్టిలోనే ఉండాలి. గోడలు కట్టిన, బయటి నీటితో కలవని హౌజులో, బావిలో ఉండాలి.

మస్జిద్ కమిటీల వాళ్లు ఇందులో చేయగలిగింది చాలా ఉంది. హౌజులో గప్పీలను పెంచితే, అడిగిన ఇంటికల్లా, అది ఎవరి ఇల్లయినా సరే, అక్కడి నుంచి అయిదారు చేపలు ఇవ్వవచ్చు. దోమ ఇంటి యజమాని మతం అడిగి కుట్టదు, పొరుగు హక్కులో కూడా ముస్లిమేతరుడికి భాగం ఉంది. జుమా ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు తొట్ల గురించి చెబితే ఖుత్బా గౌరవం తగ్గదు. వాడని టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు, కూలర్ అడుగు నీళ్లు, మిద్దె మీద మూత విరిగిన ట్యాంకు, వీటికి చేపతో పని లేదు. తీసేయాలి, బోర్లించాలి, మూత వేయించాలి. ట్యాంకు మూత కొనలేని వితంతువు ఇల్లు మొహల్లాలో ఉంటే, బైతుల్ మాల్ నుంచి దాన్ని కొనివ్వడం కమిటీ పని. శుక్రవారం కడిగిన తొట్టి నీళ్లు కూడా వృథాగా పోనక్కర లేదు. మునగ చెట్టు మొదట్లో పోయవచ్చు, దొడ్డి కడగవచ్చు. దోమ పిల్లలు ఎండిన నేల మీద చచ్చిపోతాయి.

ఎండాకాలంలో ట్యాంకరు ఆలస్యమై తొట్టి అడుగంటే రోజులు వస్తాయి. అప్పుడు చేపలను మరిచిపోయి చివరి చెంబు నీళ్లు ముంచేసుకుంటారు. అడుగంటకముందే పలుచని గుడ్డతో వాటిని పట్టి, ఆ నీళ్లతోనే ఒక బకెట్లో వేసి మస్జిద్ హౌజుకు చేర్చాలి. వానలు పడి తొట్టి నిండాక మళ్లీ అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు.